ముప్పావు అంగుళం ముడి

మా స్టాంపుల బావ నాకు చేసిన అన్యాయం చెప్పకుండా మా అమ్మ గురించి చెప్పడం నావల్ల కాదు. రెండూ ఒకే గదికి సంబంధించినవి. ఆయన మా అక్క మొగుడు. రిజిస్ట్రేషను ఆఫీసు గోడ పక్కన బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తాడు. ముప్పై ఏళ్లుగా జనం గోడలూ గట్లూ వాటాలూ రాసి రాసి, మనుషుల్ని కూడా హద్దులు పెట్టి చూడటం అలవాటైపోయింది ఆయనకి. నన్ను ఎవరికైనా పరిచయం చెయ్యాలంటే, "తూర్పున ఏడో తరగతి, పడమర కుట్టుమిషను, మధ్యలో మా బామ్మర్ది" అంటాడు. ఏడుతో చదువు మానేసిన మాట నిజమే. అందులో నవ్వడానికి ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు.

అమ్మ ఉండగానే వాటాలు నోటిమాటగా తేలిపోయాయి. పైన రెండు గదులూ అక్కకి. కింద వంటిల్లు, దాని వెనక గది, వీధివైపు ముందు గది నాకు. ఆ ముందు గదే నాకు కావలసింది. ఇరవై ఆరేళ్లుగా ఒక మేడ మెట్ల కింద అద్దె సందులో చొక్కాలూ ప్యాంట్లూ కుడుతున్నాను. నిటారుగా లేస్తే నెత్తికి మెట్టు తగులుతుంది. కొలత తీసుకోవాలంటే మనిషిని రోడ్డు మీదకి రమ్మనాలి. వానాకాలం కొలతలు గొడుగు కింద తీసిన టైలరుని ఈ వృత్తిలో నేనొక్కణ్నే అయి ఉంటాను. ముందు గది అలా కాదు. పదడుగుల వెడల్పు, పదకొండడుగుల లోతు, వీధిలోకి తెరుచుకునే రెండు రెక్కల తలుపు. ఒక పక్క అమ్మ మిషను, ఇంకో పక్క కత్తిరింపు బల్ల. యాభై రెండేళ్లు వచ్చాక ఒక మనిషి నడుం వంచకుండా పని చేసుకోవాలనుకోవడం అత్యాశేమీ కాదు.

అమ్మ డెబ్బై తొమ్మిదో ఏట పోయింది. ముందురోజు సాయంత్రం వరకూ మిషను తొక్కింది. నాన్న పోయినప్పుడు నాకు మూడేళ్లు, అక్కకి ఎనిమిది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరు ఏం తిన్నా, ఏం చదివినా, అది ఆ సూది కింద నుంచి వచ్చిందే. నా భార్య ప్యాకింగు కంపెనీలో షిఫ్టులకి వెళ్లేది కాబట్టి నా కూతుర్ని కూడా అమ్మే పెంచింది. పిల్ల మిషను కింద, తొక్కుడు పలక పక్కన నిద్రపోయేది. ఆ చప్పుడు ఆగితే లేచి ఏడ్చేది. ఇప్పుడు ఆ పిల్ల ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తుంది. సూది పట్టడం నానమ్మ దగ్గరే నేర్చుకున్నానంటుంది.

అమ్మకి చదువు రాదు, అంకెలూ రావు. టేపు వాడేది కాదు. మనిషికొక దారం. ఒక కొసని పళ్లతో పట్టుకుని, మనిషి ఒంటి మీద దారం నడిపిస్తూ ముడులు వేసుకుంటూ పోయేది. మొదటి ముడి పొడవు, రెండోది భుజం, మూడోది చెయ్యి, నాలుగోది ఛాతీ, అయిదోది కాలరు. ఎవరి దారమో గుర్తుండటానికి కొసన వాళ్లకి మొదటిసారి కుట్టిన బట్ట ముక్క కట్టేది. అలా ఒక సంచి నిండా దారాలున్నాయి. మా వీధి మొత్తం ఆ సంచిలో ఉంది అనొచ్చు. ఎవరికి పొట్ట పెరిగింది, ఎవరు జబ్బుపడి చిక్కారు, ఎవరి పిల్లాడు ఎండాకాలం సెలవుల్లో రెండంగుళాలు సాగాడు, అన్నీ అమ్మకే ముందు తెలిసేవి.

అమ్మ పోయిన రెండో వారం నుంచి జనం రావడం మొదలుపెట్టారు. పరామర్శకి కాదు, బట్టలకి. కత్తిరించని గుడ్డలు పదకొండు బల్ల మీద ఉన్నాయి. దేని దారం దానికి చుట్టి ఉంది. వచ్చినవాళ్లు బట్ట తీసుకుని ఊరికే పోరు కదా, ఏదో ఒకటి చెప్పేవారు. బడి వాచ్‌మన్ భార్య గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"బడి తెరిచే ముందు నా ముగ్గురు పిల్లల్నీ వరసగా నిలబెట్టి కొలిచేదయ్యా మీ అమ్మ. కుట్టుకూలి ఎంత పిన్నీ అంటే, గుండీలు నువ్వే కుట్టుకో, సరిపోతుంది అనేది. నాకు గుండీలు కుట్టడం రాదని ఆవిడకి తెలుసు. మళ్లీ ఆవిడే కుట్టేది."

బస్సు కండక్టరు ఒకాయన తన ఖాకీ చొక్కా లోపలివైపు చూపించాడు. టిక్కెట్ల డబ్బు కోసం అమ్మ కుట్టిన దొంగజేబు. "పదేళ్లలో ఒక్క దొంగకీ దొరకలేదు. ఒక్కోసారి నాకూ దొరకదు" అన్నాడు. నీళ్లు ముంచెత్తిన ఏడాది, తడిసిన పరదాలు కోసి వీధి పిల్లలందరికీ గౌన్లూ చొక్కాలూ కుట్టిందట అమ్మ. వారంపాటు వీధంతా ఒకే పూల డిజైనుతో తిరిగారట. ఆ ఏడాది నాకు ఆరేళ్లు. ఆ చొక్కా నాకు గుర్తుంది. వీధి మొత్తానికీ అదే చొక్కా అని మాత్రం తెలియదు.

పది బట్టలు వెళ్లిపోయాయి. పదకొండోది మిగిలింది. లేత నీలం గుడ్డ, సన్నటి గీతలు, రెండుంపావు మీటర్లు. దారం చివర తెల్ల బట్ట ముక్క, అంచున గోధుమరంగు మరక. ఎవరూ రాలేదు.

నాకు కోపం ఎక్కువంటారు. నిజానికి నాకు కోపం కన్నా ఆరా ఎక్కువ. రోడ్డు మీద గుండీ కనిపిస్తే అది ఏ చొక్కాదో తేల్చుకునేదాకా నాకు అన్నం సయించదు. అలాంటిది, మా అమ్మ చేతిలో ఆఖరున ఉన్న గుడ్డ ఎవరిదో తెలియకపోతే ఎలా?

"ఎవరూ రాకపోతే నాకు కుట్టెయ్" అన్నాడు మా బావ. కాగితాల సంచి బల్ల మీద పెట్టి, గోడలు చూస్తూ. "నెలాఖరుకి వాటాల కాగితం రాసేస్తాను. అప్పటికి ఈ చెత్తంతా తీసెయ్యి."

"చెత్త కాదు బావా. ఎవరిదో చొక్కా."

"ఎవరిదో అంటే ఎవరిదీ కాదు అని అర్థం. నా వృత్తిలో అంతే."

"నా వృత్తిలో అలా కాదు."

"నీ వృత్తిలో ఏమవుతుందిరా, చెయ్యి పొట్టి అవుతుంది, కాలు పొడుగవుతుంది" అని తనకి తనే నవ్వుకున్నాడు.

ఆ కోపంతోనే గుడ్డ కత్తిరించాను. దారం పరిచి, ముడులు టేపు మీద కొలుచుకున్నాను. ఛాతీ ముడి నలభై ఒకటి దగ్గర పడింది. దానికి వదులూ కుట్టూ కలిపి అయిదంగుళాలు వేశాను, ఏ టైలరైనా వేసేదే. అన్ని చోట్లా అలాగే కలుపుకుంటూ పోయాను. చివర కాలరు ముడి తర్వాత, ముప్పావు అంగుళం దూరంలో ఇంకో చిన్న ముడి ఉంది. కొస విడిపోకుండా వేసిన ముడి అనుకుని వదిలేశాను. రెండు పూటల్లో చొక్కా తయారైంది. పెద్ద చొక్కా. నలభై ఒకటి ఛాతీ, బారు చేతులు. మా వీధిలో అంత ఒళ్లున్న మనిషి సిమెంటు కొట్టాయన ఒక్కడే.

సిమెంటు కొట్టాయన రెడీమేడ్లు తప్ప వేసుకోడు. అమ్మ ఆయనకి చొక్కా కుట్టిందని నేనెప్పుడూ వినలేదు. అందుకే ఆరా ఇంకా ఎక్కువైంది. చొక్కా పట్టుకుని కొట్టుకి వెళ్లాను. ఆయన బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య గల్లాపెట్టె దగ్గర ఉంది.

"మా అమ్మ మీకోసం ఏమైనా కుడతానందా?" అన్నాను.

ఆయన చొక్కా వంక చూశాడు. బాగుంది అనిపించినట్టుంది. "అని ఉండొచ్చు" అన్నాడు.

"ఉండొచ్చు ఏంటి?" అంది ఆయన భార్య, గల్లాపెట్టె మూసేసి. "ముప్పై ఏళ్లలో ఒక్క రుమాలు కూడా మీ అమ్మ దగ్గర కుట్టించుకోలేదు ఈయన. ఇప్పుడు చొక్కా ఎందుకు కుడుతుంది? ఎప్పట్నించి? ఎవరు చెప్పారు?"

"వేసుకుని చూస్తే తెలిసిపోతుంది కదే" అంటూ ఆయన అప్పటికే గుండీలు విప్పేస్తున్నాడు.

వేసుకున్నాడు. ఛాతీ దగ్గర ఒంటికి అతికినట్టు సరిపోయింది. కానీ చేతులు వేళ్లు దాటి వేలాడాయి. భుజాలు మోచేతుల వైపు జారాయి. దుమ్ములో నిలబడి, చేతులు రెండూ చాచి, బస్తా కప్పుకున్నట్టు ఉన్నాడు.

"బాగానే ఉంది. ఉంచేసుకుంటా" అన్నాడు.

"మీది కాదు."

"ఛాతీ సరిపోయిందిగా!"

"ఛాతీ ఒక్కటే వేసుకుని తిరుగుతారా?" అంది భార్య. "విప్పండి. పోయినావిడ చేతి చొక్కా అది. ఎవరి కోసమో ఏమో."

ఆ మాటకి ఆయన టక్కున విప్పేశాడు. నేను సిగ్గుతో ఇంటికొచ్చాను. ఇన్నేళ్ల పనిలో ఇంత తప్పుగా ఒక మనిషిని ఊహించుకోలేదు నేను. ఛాతీ ఏనుగుకి సరిపోతుంది, చేతులేమో వెదురుకర్రలా ఉన్నాయి. అలాంటి శరీరం లోకంలో ఉండదు. అంటే తప్పు నాదైనా కావాలి, అమ్మదైనా కావాలి.

నా కూతురు డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా చూసి నవ్వింది.

"ఎంత కలిపావు నాన్నా?"

"అయిదు. ఎవరైనా అంతే కలుపుతారు."

"నానమ్మ ఏమీ కలిపేది కాదు. దారం గుడ్డ మీద పెట్టి ముడి మీదే కత్తెర వేసేది. కలపాల్సింది ముడి వేసేటప్పుడే కలిపేసేది కదా! నేను కింద కూర్చుని చూసేదాన్ని."

నమ్మలేదు నేను. నలభై ఏళ్లు ఆ బల్ల చుట్టూ తిరిగాను, అమ్మ దారం ఎలా వాడుతుందో ఒక్కసారి వంగి చూడలేదు. నాది టేపు, ఆవిడది దారం, అంతే అనుకున్నాను. పరీక్షించాలంటే, మనిషి ఎవరో తెలిసిన దారం ఒకటి కావాలి. సంచి బోర్లించాను. ఎర్రవి, పసుపువి, పిల్లలవి, ముసలివాళ్లవి, పోయినవాళ్లవి కూడా. అట్టడుగున, పాత పూల పరదా ముక్క కట్టిన దారం ఒకటి కనిపించింది.

"అది నీదే" అంది నా కూతురు.

ముప్పై ఏళ్లుగా నా చొక్కాలు నేనే కుట్టుకుంటున్నాను. అమ్మ ఎప్పుడూ నన్ను కొలవలేదు. టేపు పెట్టి చూశాను. ఛాతీ ముడి నలభై మూడు. నా ఛాతీ ముప్పై ఎనిమిది. కచ్చితంగా అయిదు తేడా. అక్కడితో తప్పు ఎవరిదో తెలిసిపోయింది. కానీ నేను దారం కింద పెట్టలేకపోయాను. పోయిన ఏడాది వరకూ నా ఛాతీ ముప్పై తొమ్మిది. కడుపునొప్పితో మంచం పట్టాక ఒక అంగుళం చిక్కాను. ఆ అంగుళం కూడా దారంలో ఉంది. పాత ముడి విప్పిన చోట దారం కొంచెం మెలిపడి ఉంది.

"నన్నెప్పుడు కొలిచింది?"

"తీగ మీద నీ చొక్కాలు ఆరేసినప్పుడు. ప్రతి ఏడూ కొలిచేది. నీకు చెప్తే కసురుకుంటావని చెప్పొద్దంది."

కసురుకునేవాణ్నే. నాకు తెలుసు.

మర్నాడు మళ్లీ లెక్క వేసుకున్నాను. నీలం గుడ్డ మనిషి ఛాతీ ముప్పై ఆరు. బక్కమనిషి. చెయ్యి పొడుగు. సరే, అలాంటివాళ్లు వీధికి పదిమంది. మరి ఆ ముప్పావు అంగుళం ముడి ఏంటి? మిగతా దారాలన్నీ చూశాను. ఏ దారానికీ కొసన ముడి లేదు. అమ్మ కొస ముడి వెయ్యదు. అంటే అది కొలతే. మనిషి ఒంట్లో ముప్పావు అంగుళం ఉండేది ఏంటి? గుండీ కాదు, వేలు కాదు. మూడు రోజులు వీధిలో ప్రతి మనిషి మెడా మణికట్టూ చూస్తూ తిరిగాను. కూరల బండి ఆయన, "ఏంటన్నా, ఉరి వేస్తావా?" అని అడిగాడు.

నాలుగో రోజు కరెంటు మీటరు చూసే అతను వచ్చాడు. మీటరు ముందు గదిలోనే, తలుపు పైన ఉంటుంది. అతను నాకు చిన్నప్పటినుంచీ తెలిసినవాడే. మా పక్క స్థలంలో రేకుల షెడ్డులో ఉండే ఇస్త్రీ అత్త కొడుకు. షెడ్డు పడిపోయాక తల్లీ కొడుకులు వంతెన అవతలికి వెళ్లిపోయారు. నెలకోసారి వస్తాడు, అంకెలు రాసుకుంటాడు, పోతాడు. ఆ రోజు మాత్రం తల ఎత్తి మీటరు చూడలేదు. మిషను వైపు చూస్తూ నిలబడ్డాడు. రీడింగు పుస్తకం తియ్యడానికి సంచి కుడి భుజం నుంచి ఎడమ భుజానికి మార్చాడు. పట్టీ జారిపోయింది. మళ్లీ వేసుకున్నాడు. మళ్లీ జారింది.

"కదలకు" అన్నాను.

"ఏమైందన్నా? తేలా?"

"భుజం."

దగ్గరికెళ్లి ఎడమ భుజం మీద చెయ్యి వేశాను. చొక్కా లోపల మెత్త కుట్టి ఉంది. కాన్వాసు గుడ్డ మూడు నాలుగు పొరలు మడిచి, అంచులు పలచగా చేసి, బయటికి గీత కూడా కనపడకుండా. నొక్కితే అసలు భుజం దాని కిందెక్కడో తగిలింది. ముప్పావు అంగుళం కింద. చూస్తే రెండు భుజాలూ సమానమే. ఎన్నేళ్లు చూసినా సమానమే. టైలరునైన నాకే తెలియలేదు.

"ఈ చొక్కా ఎవరు కుట్టారు?"

"మీ అమ్మే. అత్తయ్యే" అన్నాడు నేల చూస్తూ. "నా చొక్కాలన్నీ అత్తయ్యే కుట్టింది. మీటరు చూడటానికి వచ్చినప్పుడు సంచిలో పెట్టేసేది. ఆ నీలం గుడ్డ కూడా..."

"మరి వచ్చి అడగొచ్చు కదా?"

"ఏమని అడగను అన్నా? ఎందుకు కుట్టేదో నీకు తెలియదు. అత్తయ్య చెప్పొద్దంది. కావాలంటే మా అమ్మని అడుగు."

అడగకుండా నేను ఉండగలనా? ఆ సాయంత్రమే వెళ్లాను. మూడో అంతస్తులో ఒకటే గది, మెట్లు నిటారుగా ఉన్నాయి. ఇస్త్రీ అత్త కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉంది. మోకాళ్లు వాచి దుంగల్లా ఉన్నాయి. ఆవిడ కిందికి దిగి పద్నాలుగు నెలలయిందట.

"మొత్తానికి వచ్చావురా చిన్నోడా" అంది. "మీ అమ్మ అనేది, మావాడు పోలీసు ఉద్యోగం తప్పి టైలరయ్యాడు, ఏదో ఒకరోజు నీ గుమ్మం ఎక్కుతాడు వదినా అని. కూర్చో. మీ అమ్మని ఆఖరి చూపు చూడటానికి రాలేదని కోపమా? కుర్చీలో పెట్టి దింపుతామన్నారు. అలా దింపితే దారిలో వాళ్లు నన్నే తీసుకెళ్తున్నారనుకుంటారని రానన్నాను."

నవ్వింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పింది.

"మీ నాన్న పోయేటప్పటికి మీ ముందు గది ఆరడుగులేరా. మిషను పెడితే బల్ల పట్టదు, బల్ల వేస్తే మనిషి పట్టదు. మీ అమ్మ నేల మీద గుడ్డ పరిచి, మోకాళ్ల మీద పాకుతూ కత్తిరించేది. నువ్వెళ్లి సరిగ్గా ఆ గుడ్డ మీదే కూర్చునేవాడివి. చూడలేక నేనే అన్నాను, వదినా, నా స్థలంలోకి నాలుగడుగులు గోడ జరుపుకో అని. ఒక్క రోజులో మేస్త్రీ గోడ జరిపేశాడు. కాగితం గీగితం ఏమీ లేదు. ఆవిడకీ రాయడం రాదు, నాకూ రాదు, ఎవరు రాస్తారు?"

"ఊరికే ఇచ్చావా అత్తా?"

"ఊరికే ఎందుకిస్తాను? వీడు అప్పుడు ఒళ్లో పిల్లాడు. పుట్టుకతోనే ఎడమ భుజం దిగిపోయి ఉంది. రేపు బడికెళ్తే పిల్లలు వంకరోడా అని ఏడిపిస్తారు, వీడి భుజం ఎవరికీ కనపడకుండా చొక్కాలు కుట్టిపెట్టు, చాలు అన్నాను. ఆసుపత్రి దుప్పటి ఒకటి నా ఇస్త్రీకి కాలిపోతే, దాంతోనే మొదటి చొక్కా కుట్టింది."

దారం చివర ఉన్న తెల్ల ముక్కకి గోధుమరంగు మరక ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

"బడి అయిపోయేదాకా అని నా ఉద్దేశం" అంది. "వీడికి మీసాలొచ్చాయి, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఇక చాలు వదినా అంటే, నీ నేల ఇంకా నా బల్ల కిందే ఉంది కదా వదినా అనేది. నలభై ఎనిమిదేళ్లురా! ఏడాదికి రెండు."

"మాకెందుకు చెప్పలేదు?"

"మీ అక్క మొగుడికి భయపడి. అల్లుడి చెవిన పడితే ఆ ముక్కకి తెల్లారేసరికి కాగితం పుట్టిస్తాడు అనేది."

నేను ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ నోరు ఊరుకోదు కదా. "ఆ స్థలం ఖాళీగానే పడుందిగా, ఇల్లు కట్టుకోవచ్చు కదా, ఈ మెట్లేంటి నీకు?" అన్నాను.

మీటరతను తల్లి వంక చూసి, "పదహారడుగులే మిగిలిందన్నా. వీధివైపు ఇరవై లేకపోతే అనుమతి ఇవ్వరు. రెండుసార్లు అడిగి..."

"నోరు ముయ్యరా!" అని ఆవిడ గట్టిగా అరిచింది. తర్వాత నా వైపు తిరిగి, "నేను అడగను. అడిగితే మీ అమ్మ కుట్టిన చొక్కాలన్నీ వెనక్కి ఇచ్చినట్టవుతుంది. టీ తాగి వెళ్లు" అంది.

ఇరవైలో పదహారు తీసేస్తే ఎంతో ఏడో తరగతివాడికి కూడా తెలుసు. టీ తాగాను. చక్కెర ఎక్కువైంది. మెట్లు దిగాను. అరవై రెండు మెట్లు. అవి కూడా లెక్కపెట్టాను చూడండి, నా బుద్ధి అలాంటిది.

నెలాఖరున బావ కాగితం రాసుకుని తెచ్చాడు. ముందు గది, పదడుగులు, నా పేరు. సంతకం పెడితే చాలు. అక్క మెట్ల మీద కూర్చుంది. నా కూతురు గుమ్మంలో నిలబడింది. నేను జరిగింది మొత్తం చెప్పాను. బావ కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు.

"కాగితం ఉందా?"

"లేదు."

"సాక్షి?"

"ఆవిడే."

"ఆవిడ అడిగిందా?"

"అడగనంది."

"అడగనివాళ్లకి ఇచ్చే సంప్రదాయం ఏ ఆఫీసులోనూ లేదురా. నలభై ఎనిమిదేళ్లు మన గోడ లోపల ఉన్న నేల మనదే. అంతగా నీకు మనసు ఆగకపోతే ఏడాదికి రెండు చొక్కాలు నువ్వూ కుట్టి పడెయ్. మీ అమ్మ చేసింది అదేగా?"

అది నేనూ ఆలోచించాను. మూడు రోజులు అదే ఆలోచించాను. కుట్టి పడెయ్యడం నాకు ఎంతసేపు? కానీ ఆ మాట అనుకున్నప్పుడు ఇస్త్రీ అత్తకి కాళ్లు పనిచేసేవి. ఇప్పుడు పనిచెయ్యడం లేదు. ఇప్పుడు నేను చొక్కా ఇస్తే, అతను అది వేసుకుని అరవై రెండు మెట్లెక్కి ఆవిడ ముందు నిలబడతాడు. కుట్టు బాగుందని ఆవిడ మెచ్చుకుంటుంది కూడా. ఆ పని నేను చెయ్యలేను. నాకు తెలియకపోతే వేరు. తెలుసుకున్నాను కదా, ఎవరూ చెప్పమనకుండా.

"ఇచ్చేస్తున్నాను" అన్నాను.

"నాన్నా, మరి షాపు?" అంది నా కూతురు. "మళ్లీ మెట్ల కిందేనా?"

"గది మొత్తం పోదులే. ఆరడుగులు ఉంటుంది" అన్నాను. ఆరడుగుల్లో మిషను పెడితే బల్ల పట్టదని దానికీ తెలుసు, నాకూ తెలుసు.

అక్క మెల్లగా అంది, "అమ్మ ఉంటే ఇచ్చేసేదే."

"ఇచ్చుకోనీ, నేను వద్దన్నానా?" అన్నాడు బావ. కలం మూత తీశాడు. ఇక్కడే ఆయన చేసింది నేను మర్చిపోను. "కానీ అది ముందు గదిలో నేల. ముందు గది నీ వాటా. పోయేదంతా నీ వాటాలోంచే పోతుంది. పైన గదుల్లో అరంగుళం కదలదు."

"బావా, ఆ నేల అమ్మ ఒక్కదాని కోసం తీసుకోలేదు. ఆ బల్ల మీద కుట్టిన బట్టలతోనే అక్క పది చదివింది. నీ పైగదులకి ఇటుకలొచ్చింది కూడా ఆ బల్ల మీద నుంచే. నేను ఒక్కణ్నే తిన్నానా?"

"అవన్నీ హద్దుల్లో రాయడానికి కుదరవు" అన్నాడు.

అక్క వైపు చూశాను. అక్క కొంగు మడతలు పెట్టుకుంటూ కూర్చుంది. ఇచ్చేసేదే అన్న నోటితో ఇంకో మాట అనలేదు.

నీలం చొక్కా పక్క కుట్లు విప్పి, అయిదంగుళాలు లోపలికి తీసి, చేతులూ భుజాలూ కూడా తగ్గించి, ఎడమ భుజానికి మెత్త వేసి అతనికి ఇచ్చాను. మెత్త అమ్మ వేసినంత బాగా కుదరలేదు. గీత కొంచెం తెలుస్తోంది. మేస్త్రీ వచ్చే సోమవారం గోడ పడగొడతాడు. తలుపులో ఒక రెక్క అటు పోతుంది. కాగితం మా బావ చేతిరాతే, సంతకం నాది. అందులో నా వాటా నుంచి తీసేసిన నేల నాలుగడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవు, మొత్తం నలభై నాలుగు చదరపు అడుగులు.